గోడ మీద వాన లెక్క: దత్తాంశాన్ని చిత్రంగా మలచి రైతుకు కథ చెప్పడం

వ్యవసాయ రంగంలో నేడు సమాచారానికి కొరత లేదు. మండలాల్లో నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రాలు వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ వంటి వివరాలను ఎప్పటికప్పుడు నమోదు చేస్తున్నాయి. భూగర్భ జల శాఖ పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని కొలుస్తోంది. మార్కెట్ యార్డులు పంటల ధరలను ప్రతిదినం ప్రకటిస్తున్నాయి. పరిశోధన స్థానాల్లో దశాబ్దాల దిగుబడి లెక్కలు భద్రంగా ఉన్నాయి. అయినప్పటికీ తొలకరి జల్లు పడిన మర్నాడు విత్తనం వేయాలా, మరికొన్ని రోజులు ఆగాలా అని తర్కించుకునే రైతు చేతికి ఈ సమాచారంలో చేరుతున్నది చాలా తక్కువ. చేరినది కూడా పట్టికల రూపంలోనో, జిల్లా సగటుగానో చేరుతోంది. పట్టికను చదవగలిగిన వారు కొందరే. జిల్లా సగటులో తన పొలాన్ని గుర్తుపట్టగల రైతు ఒక్కడూ ఉండడు.

ఈ అంతరాన్ని పూడ్చే సాధనాల్లో దత్తాంశ చిత్రణ ముఖ్యమైనది. అంకెలను గీతలుగా, పట్టీలుగా, చుక్కలుగా, రంగులుగా మార్చి, వాటిలో దాగిన క్రమాన్ని కంటికి కనిపించేలా చేయడమే దత్తాంశ చిత్రణ. అయితే ప్రతి చిత్రమూ కథ చెప్పదు. ఏది ముందు జరిగింది, తరువాత ఏమైంది, ఇప్పుడు ఏమి చేయాలి అన్న మూడింటికీ చూపరి జవాబు వెతుక్కోగలిగినప్పుడే పటం కథ అవుతుంది. మహబూబాబాద్ జిల్లాలోని మరిపెడ మండలాన్ని ఉదాహరణగా తీసుకొని, విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సాధనాన్ని ఏ విధంగా వాడుకోవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సగటు దాచిపెట్టే సంగతి

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు మరిపెడ వరంగల్ జిల్లాలో భాగం. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉన్న ఈ ప్రాంతంలో పత్తి, మిరప, వరి ప్రధానమైన పంటలు. గ్రామాలతో పాటు లంబాడా తండాలు అధికం. కింద గట్టి రాతి పొరలు ఉండటం వల్ల బోరుబావుల నీరు రాతి పగుళ్లలో నిలిచే కొద్దిపాటి నిల్వపైనే ఆధారపడి ఉంటుంది. ఒకవైపు ఆకేరు వాగు, మరొకవైపు వాన కోసం ఎదురుచూసే మెట్ట భూములు. ఒకే వానాకాలంలో బెట్టనూ వరదనూ చూడవలసి వచ్చే ప్రాంతం ఇది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వర్షం ఇందుకు నిదర్శనం. మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లోని కొన్ని కేంద్రాల్లో 24 గంటల వ్యవధిలో 40 సెంటీమీటర్లకు మించి వర్షం నమోదైంది. మరిపెడ మండలంలో ఆకేరు పొంగి వంతెనను ముంచెత్తింది. రాకపోకలు స్తంభించాయి. తండాలు నీట మునిగాయి. ప్రాణనష్టం జరిగింది. ఒక ఎకరం మీద 40 సెంటీమీటర్ల వాన అంటే సుమారు 16 లక్షల లీటర్ల నీరు. ఇంత నీరు ఒక్కరోజులో పడినప్పుడు నేలలోకి ఇంకేది కొంతే. మిగిలినదంతా మట్టిని, ఎరువును, పైరును వెంటబెట్టుకొని వాగులో కలుస్తుంది.

ఇటువంటి సంవత్సరాన్ని వానాకాలం ముగిశాక లెక్కలో ఎలా చూపుతారో గమనించాలి. భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూగా ఉన్న వర్షపాతం సాధారణం. 20 నుంచి 59 శాతం ఎక్కువైతే అధికం. 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు. ఈ వర్గీకరణ జిల్లాల మధ్య, సంవత్సరాల మధ్య పోలికకు ఎంతో ఉపయోగకరం. కానీ రుతువు మొత్తం మీద ‘సాధారణం’ లేదా ‘అధికం’ అన్న రంగు వేసిన జిల్లా పటం, ఆ జిల్లాలో పైరు ఎన్ని రోజులు బెట్టకు గురైందో చెప్పదు.

ఈ విషయం ఒక ఊహాత్మక ఉదాహరణతో స్పష్టమవుతుంది. రెండు గ్రామాల్లోనూ వానాకాలంలో 700 మిల్లీమీటర్ల వర్షం పడిందనుకుందాం. మొదటి గ్రామంలో అది 40 వర్షపు రోజుల్లో వారం వారం పంచుకొని పడింది. రెండవ గ్రామంలో అందులో 400 మిల్లీమీటర్లు రెండు రోజుల్లోనే కురిసింది. పట్టికలో ఈ రెండు గ్రామాలకూ తేడా లేదు. పొలంలో ఒకటి పంట, మరొకటి నష్టం. రోజువారీ వర్షాన్ని వరుసగా నిలువు పట్టీలుగా గీస్తే, మొదటి గ్రామపు పటం చిన్న చిన్న మొక్కలు మొలిచిన మడిలా, రెండవది ఖాళీ నేలలో రెండు తాటిచెట్లు నిలిచినట్లుగా కనిపిస్తుంది. ఈ తేడాను గ్రహించడానికి గణితం అవసరం లేదు.

కన్ను ఏమి చదవగలదు?

అంకెలను గీతలుగా చూపే పద్ధతికి రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో ప్రచురించిన గ్రంథంలో ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను కాలరేఖలుగా గీసి చూపాడు. ఆ తరువాత 1821లో గోధుమల ధరను, కూలి రేట్లను ఒకే పటంలో పక్కపక్కన నిలిపాడు. వ్యవసాయ సంక్షోభంపై చర్చ జరుగుతున్న కాలంలో గీసిన ఆ పటం ధర ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. ఆ ధరకు కూలివాడి సంపాదనతో గల సంబంధాన్ని చూపింది. రెండు విషయాలను పక్కపక్కన పెట్టినప్పుడే ప్రశ్న పుడుతుందన్న సూత్రం అందులో ఉంది.

1973లో గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న దత్తాంశ సమూహాలను ప్రకటించాడు. వాటి సగటులు, విస్తృతి, సహసంబంధ గుణకం దాదాపు ఒక్కటే. పటం గీసి చూస్తే మాత్రం నాలుగింటికీ పోలిక లేదు. ఒకటి సరళరేఖకు దగ్గరగా, మరొకటి వంపుగా, తక్కిన రెండు ఒకే ఒక్క విపరీత బిందువు ప్రభావానికి లోబడి కనిపిస్తాయి. ప్రయోగ ఫలితాలను విశ్లేషించే విద్యార్థులు ముందుగా పటం గీయాలని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఏ రకమైన పటాన్ని మనిషి సరిగా చదవగలడన్న ప్రశ్నకు 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ ప్రయోగపూర్వకంగా సమాధానం వెతికారు. ఒకే కొలమానం మీద స్థానాన్ని పోల్చడంలో మనిషి చేసే పొరపాట్లు అతి తక్కువ. పొడవులను పోల్చడంలో కొంత ఎక్కువ. కోణాలను, వైశాల్యాలను పోల్చడంలో మరింత ఎక్కువ. అందువల్ల పంటల విస్తీర్ణాన్ని వృత్తాకార పటంలో ముక్కలుగా చూపడం కంటె ఒకే ఆధారరేఖపై పట్టీలుగా చూపడం మేలు. త్రిమితీయ పట్టీలు, మెరుపు రంగులు చూపుకు ఇంపుగా ఉన్నా చదువరిని తప్పుదారి పట్టిస్తాయి.

రైతులే కొలిచి, రైతులే గీసిన లెక్క

దత్తాంశాన్ని గ్రామం ముందు నిలిపిన ప్రయత్నాల్లో ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భ జల వ్యవస్థల పథకం ప్రత్యేకమైనది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఏపీవెల్ పథకానికి కొనసాగింపుగా 2003లో మొదలైన ఈ పథకం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో స్వచ్ఛంద సంస్థల ద్వారా అమలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని ఆరు వందలకు పైగా గ్రామాలు ఇందులో పాల్గొన్నాయి. వరంగల్ జిల్లా ఈ జాబితాలో లేదు. అయితే పొరుగున ఉన్న నల్లగొండ జిల్లా రాతి నేలల్లో బోరుబావులకు ఎదురైన సమస్యే మరిపెడ రైతులదీ. అందుచేత ఆ అనుభవం ఇక్కడికీ వర్తిస్తుంది.

ఆ పథకంలో రైతులు, మహిళలతో సహా, వర్షమాపకం చదవడం, బోరుబావిలో నీటిమట్టం కొలవడం, మోటారు నీటి విడుదలను లెక్కించడం నేర్చుకున్నారు. వర్షాన్ని ప్రతిదినం, నీటిమట్టాన్ని పక్షం రోజులకొకసారి నమోదు చేశారు. ఆ అంకెలు కార్యాలయాలకే పరిమితం కాలేదు. గ్రామంలో నలుగురూ కూడే చోట బోర్డుల మీద అందరికీ కనిపించాయి. వానాకాలం ముగిసి యాసంగి మొదలయ్యే ముందు నీటి పరీవాహక ప్రాంతం మొత్తానికి నీటి బడ్జెట్ వేశారు. భూమిలో ఎంత నీరు ఉంది, రైతులు వేయదలచిన పంటలకు ఎంత కావాలి, మిగులా లోటా అన్నది బహిరంగంగా చర్చించారు. ఎవరి బోరుపైనా నిషేధం విధించలేదు. ఎవరికీ ప్రత్యేక రాయితీ ఇవ్వలేదు. లెక్క చూసిన రైతు తన పంటను తానే నిర్ణయించుకున్నాడు.

2010లో వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ప్రకారం మూడేళ్ల పరిశీలనలో 42 శాతం పరీవాహక విభాగాల్లో యాసంగి నీటి తోడకం నిలకడగా తగ్గింది. 51 శాతం విభాగాల్లో కొన్ని సంవత్సరాలు తగ్గింది. 7 శాతం విభాగాల్లో పెరిగింది. పథకం ముగిసిన తరువాత జరిగిన మరికొన్ని పరిశీలనలు ఈ మార్పు ఎంత మేరకు నిలిచిందన్న ప్రశ్న లేవనెత్తాయి. పంటల మార్పిడికి మార్కెట్ ధర వంటి ఇతర కారణాలు కూడా ఉండవచ్చని, బయటి సహాయం ఆగిన చోట్ల కొలతలు తగ్గుముఖం పట్టాయని సూచించాయి. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ రెండు పక్షాలనూ తెలుసుకోవాలి. గోడ మీది పటం దానంతట అది నీటిని ఆదా చేయదు. కొలిచే చేయి, చర్చించే సభ ఉన్నంత కాలమే దానికి విలువ.

మరిపెడకు తగిన నాలుగు పటాలు

పై అనుభవాల వెలుగులో, మరిపెడ వంటి మండలంలో విస్తరణ సిబ్బంది తయారు చేయదగిన పటాలు నాలుగు ఉన్నాయి. ప్రతి పటమూ రైతు తీసుకోవలసిన ఒక నిర్ణయంతో ముడిపడి ఉంటుంది.

మొదటిది విత్తే అదును పటం. వర్షాధారపు పత్తిని ఒకటి రెండు జల్లులకే విత్తరాదని, మొత్తం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం పడి నేల తగినంత తడిసిన తరువాతే విత్తాలని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. జూన్ 1 నుంచి పడిన వానను రోజురోజుకూ కూడుతూ గీస్తే మెట్లలాంటి గీత వస్తుంది. దానికి అడ్డంగా 60 వద్ద ఒకటి, 75 వద్ద ఒకటి గీతలు గీస్తే అదును ఎప్పుడు వచ్చిందో ఎవరైనా చెప్పగలరు. మెట్టు ఎంత పొడవుగా సాగితే బెట్ట అంత కాలం ఉన్నట్లు. ఎక్కువ రోజులు బెట్ట నడిచినట్లయితే మొత్తం 60 దాటినా పదును ఆరిపోయి ఉంటుంది కనుక మట్టిని చేత్తో పరీక్షించాలని పటం కిందనే రాయాలి. మొలక రాక రెండోసారి విత్తనం కొనవలసిన రైతుకు ఈ పటం విలువ రూపాయల్లోనే తెలుస్తుంది.

రెండవది కార్తెల వాన పటం. పరిశోధన పత్రాలు వాతావరణ వారాల లెక్కలో, పరిపాలన నెలల లెక్కలో సాగుతాయి. తెలుగు రైతు కాలాన్ని కార్తెలుగా కొలుస్తాడు. ఒక్కో కార్తె 13, 14 రోజులు. మే నెలాఖరు రోహిణి మొదలు మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి వరకు పన్నెండు పట్టీల్లో వానాకాలమంతా ఇమిడిపోతుంది. ప్రతి కార్తెకు ఈ ఏటి వానను ముదురు పట్టీగా, గత ముప్పై ఏళ్ల సగటును దాని పక్కన పలుచని గీతగా చూపాలి. 2024 నాటి వరద పుబ్బ కార్తె ఆరంభంలో వచ్చింది. పెద్దలు తమ జ్ఞాపకంలోని సంవత్సరాలను ఈ పటంతో పోల్చి మాట్లాడగలరు. అప్పుడు శాస్త్రవేత్తకు కొత్త సమాచారం అందే అవకాశమూ ఉంది.

మూడవది భూగర్భ జలమట్టం పటం. ఇక్కడ ఒక సాధారణ దోషాన్ని నివారించాలి. నీటిమట్టాన్ని నేల ఉపరితలం నుంచి లోతుగా కొలుస్తారు. ఆ అంకెలను యథాతథంగా గీస్తే నీరు అడుగంటుతున్న కొద్దీ గీత పైకి పాకుతుంది. చూసినవారు నీరు పెరిగిందని భావిస్తారు. కనుక నిలువు కొలమానాన్ని తిరగవేసి, సున్నాను పైన, నేలగా చూపాలి. అప్పుడు పటం బావిని నిలువుగా కోసినట్లు ఉంటుంది. రాతి నేలల్లో నీటి నిల్వ సామర్థ్యం చాలా స్వల్పం. అది 2 శాతం అనుకుంటే, 20 మిల్లీమీటర్ల నీరు ఇంకినప్పుడు మట్టం ఒక మీటరు పెరుగుతుంది. అంతే నీరు తోడినప్పుడు ఒక మీటరు పడిపోతుంది. ఒక మంచి వానకు బోరు నిండినట్లు కనిపించి, యాసంగి సగంలోనే ఎందుకు ఎండుతుందో ఈ లెక్క చెబుతుంది.

ఈ పటం పక్కనే పంటల నీటి అవసరాన్ని పట్టీలుగా నిలపాలి. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, మొక్కజొన్నకు సుమారు 500 మిల్లీమీటర్ల నీరు అవసరమన్న సాధారణ లెక్క తీసుకుంటే, ఎకరం వరికి 48 లక్షల లీటర్లకు పైగా, ఎకరం మొక్కజొన్నకు 20 లక్షల లీటర్లు కావాలి. ఒక ఎకరం వరి నీటితో రెండెకరాలకు పైగా ఆరుతడి పంట పండుతుంది. లక్షల లీటర్లు ఊహకు అందవు కాబట్టి, తమ బోరు గంటకు పోసే నీటిని కొలిచి, ‘ఎన్ని గంటల మోటారు’ అన్న కొలమానంలోకి మార్చడం ఉత్తమం.

నాల్గవది గులాబీ రంగు పురుగు నిఘా పటం. పత్తి చేలలో లింగాకర్షక బుట్టల్లో పడిన రెక్కల పురుగుల సంఖ్యను ప్రతిదినం చుక్కగా పెట్టి, 8 వద్ద అడ్డగీత గీయాలి. ఒక్కో బుట్టలో వరుసగా మూడు రోజులు 8 పురుగులు పడితే ఆర్థిక నష్టస్థాయి దాటినట్లు. మూడు చుక్కలు గీతను తాకేవరకు మందు కొట్టవలసిన పని లేదన్న సంగతి, తాకిన తరువాత ఆలస్యం చేయరాదన్న సంగతి రెండూ ఒకే చూపులో తెలుస్తాయి. పక్క రైతు కొట్టాడన్న కారణంతో చేసే పిచికారీలను తగ్గించడానికి ఇది మార్గం.

పటం గీసేవారి బాధ్యత

చిత్రం నమ్మించగలదు. అందుకే అది మోసగించనూ గలదు. ఈ క్రింది జాగ్రత్తలు తప్పనిసరి.

పట్టీల పటంలో కొలమానం సున్నా నుంచే మొదలవ్వాలి. ఎకరానికి 20 క్వింటాళ్లు, 22 క్వింటాళ్ల దిగుబడులను 19 నుంచి మొదలయ్యే కొలమానంపై గీస్తే, పది శాతం తేడా మూడు రెట్లుగా కనిపిస్తుంది. కొత్త రకాన్ని సిఫారసు చేసే ఉత్సాహంలో ఇటువంటి పటం గీస్తే, మరుసటి ఏడు రైతు నమ్మకం పోతుంది. ఆ నమ్మకాన్ని తిరిగి సంపాదించడం కష్టం.

సగటుతో పాటు హెచ్చుతగ్గులను కూడా చూపాలి. పది మంది రైతుల దిగుబడులను పది చుక్కలుగా పెడితే, నష్టపోయిన ఇద్దరూ కనిపిస్తారు. ఆ ఇద్దరి నేల ఏది, నాటిన తేదీ ఏది అన్న ప్రశ్న నుంచే అసలైన విస్తరణ చర్చ మొదలవుతుంది.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడాను కొందరు గుర్తించలేరు. జిరాక్సు తీసినప్పుడు రెండూ ఒకే బూడిద రంగుగా మారుతాయి. కనుక రంగుతో పాటు గీతల, చుక్కల తేడా కూడా ఉండాలి. తండాల్లో లంబాడీ మాట్లాడే మహిళా రైతులు, అక్షరాస్యత లేని పెద్దలు కూడా చూపరులే. నీటి బిందువు, పత్తికాయ, మోటారు వంటి గుర్తులు వారికి అక్షరాల స్థానంలో పనికివస్తాయి.

అన్నింటికంటె ముఖ్యమైనది, కొలత ఎక్కడిదో పటం మీదనే తెలపడం. వర్షమాపకం మండల కేంద్రంలో ఉండి, పొలం పది కిలోమీటర్ల దూరంలో ఉంటే రెండుచోట్లా ఒకే వాన పడిందని చెప్పలేము. గ్రామంలోనే ఒక సాధారణ వర్షమాపకం ఉంచి, ఉదయం 8.30 గంటలకు చదివితే పటం ఆ గ్రామానిది అవుతుంది.

విద్యార్థులు చేయగల పని

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాల్లో నివసిస్తారు. అక్కడ నేల మీద ముగ్గుతో గ్రామ వనరుల పటం వేయించడం, గింజలతో పంటల కాలపట్టిక పేర్పించడం వారికి పరిచితమే. తెలుగు ఇంటి వాకిట్లో చుక్కలు పెట్టి గీతలు కలిపే నేర్పు మహిళలకు ఉంది. చుక్క ఒక కొలత, గీత వాటి మధ్య సంబంధం అన్న భావన వారికి కొత్త కాదు. అయితే ఈ పటాలు చాలాసార్లు అభ్యాస పుస్తకంలోకి ఎక్కి, గ్రామం నుంచి తరలిపోతాయి. వాటిని గ్రామంలోనే వదిలి రావడం అలవాటు కావాలి.

తెలంగాణలో సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒకటి చొప్పున 2,600కు పైగా రైతు వేదికలు నిర్మితమయ్యాయి. ఒక్కో వేదికలో ఒక గోడను వాన, నీటిమట్టం, పురుగుల నిఘా పటాలకు కేటాయించవచ్చు. నల్లరంగు పూసిన గోడ, సుద్దముక్క, గళ్లు గీసిన చట్రం ఉంటే చాలు. కంప్యూటరులో గీసిన పటం కంటె, గ్రామంలోని యువకుడో మహిళా సంఘ సభ్యురాలో వారానికొకసారి చేత్తో పొడిగించే గీతకు ఎక్కువమంది చూపరులు ఉంటారు. నిన్నటి చుక్క తమ కళ్లముందే పెట్టినది కాబట్టి దానిపై అనుమానం ఉండదు. వ్యవసాయ విస్తరణ అధికారి నెలకొకసారి ఆ గోడ ముందు రైతులను కూర్చోబెట్టి, ‘ఈ గీత ఇలాగే సాగితే వచ్చే నెల ఏమవుతుంది?’ అని అడిగి, జవాబును వారినుంచే రాబట్టాలి. పథకాలు ముగిసిన తరువాత కొలతలు ఆగిపోకుండా ఉండాలంటే ఈ బాధ్యత గ్రామస్థులకు మొదటి నుంచే అప్పగించాలి.

పరిశోధనా ఫలితాన్ని పత్రంగా ప్రచురించడంతో శాస్త్రవేత్త పని పూర్తి కాదు. ఆ ఫలితం రైతు తీసుకునే ఏ నిర్ణయాన్ని మారుస్తుందో గుర్తించి, ఆ నిర్ణయానికి అవసరమైన ఒక్క పటాన్ని ఆయన భాషలో, ఆయన కాలమానంలో, ఆయన ఊరి కొలతలతో గీయగలగాలి. మరిపెడలో రాబోయే తొలకరికి ముందు ఒక రైతు వేదిక గోడపై 60 వద్ద, 75 వద్ద అడ్డగీతలు గీసి, వర్షమాపకం బిగించి, మొదటి చుక్క పెట్టేందుకు ఒకరిని నియమించడంతో ఈ పని ప్రారంభించవచ్చు.